ముల్లు ఆగే చోట

ముందు పాట వినిపించింది. మనిషి ఇంకా సందు మలుపు తిరగలేదు. గోడకు అవతల, వాన అప్పుడే వెలిసిన తార్నాక సందులో, ఎవరో ఆడపిల్ల తనలో తాను పాడుకుంటూ వస్తోంది. తొక్కుడు మిషను మీద రాములమ్మ పాదాలు, ఆమెతో చెప్పకుండానే, ఆ పాటతో జత కలిశాయి.

"మొగ్గ విచ్చే వేళకైనా వచ్చిపో..."

అక్కడ ఆ గొంతు ముందుకు సాగలేదు. "వచ్చిపో... వచ్చిపో..." అని అదే మాటను అదే స్వరంలో మళ్ళీ మళ్ళీ అని, ఏమీ జరగనట్టు తరువాతి పంక్తిలోకి జారిపోయింది.

రాములమ్మ చక్రాన్ని అరచేత్తో అదిమి పట్టుకుంది. సూది బట్టలో సగం దిగి ఆగింది.

ఆ పాట ఊరంతా పాడుతుంది. కానీ ఆ చోట మూడుసార్లు పాడేవాళ్ళు ఒక్క ఇంటివాళ్ళే. ఈ ఇంట్లో రికార్డు మీద అక్కడ గీత పడింది. ముల్లు ఆ గీతలో చిక్కుకుని ముందుకు పోలేక అదే మాట తిప్పి తిప్పి అనేది. ప్లేయరు పక్కన కూర్చున్న రాములమ్మ కూతురు వెంటనే కదిలించేది కాదు. తల్లి చేతులకేసి చూస్తూ ఉండేది. రవిక మెడ దగ్గర మూల తిప్పుకోవడానికి తల్లికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, అప్పుడు గోటితో ముల్లును సుతారంగా తట్టేది. మూల తిరగడానికి మూడు 'వచ్చిపో'లు పట్టేవి. విని విని ఆ ఇంట్లో ఆ పాట అలాగే స్థిరపడిపోయింది. రికార్డు లేకుండా పాడినా, బావి దగ్గర బట్టలు పిండుతూ పాడినా, బిడ్డ అలాగే పాడేది.

"రాములమ్మగారి ఇల్లు ఇదేనాండీ?"

గుమ్మంలో నిలబడ్డ పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుంది. చీర కుచ్చెళ్ళు బురదకు తడిసి బరువెక్కాయి. కోస్తా మాట. యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టలు నుంచి వచ్చానంది. పేరు కామాక్షి అంది.

"లోపటికి రా బిడ్డా. కాళ్ళకు నీళ్ళు గాడ బకెట్లున్నయి. ఏం కుట్టాలె?"

"నాకు కాదండీ. మా పిన్నివాళ్ళు లాలాపేట్‌లో ఉంటారు. వాళ్ళ పక్క వాటాలో ఒక అక్క. మీ దగ్గరే కుట్టించమని ఒకటే పట్టు. నేను నవ్వాను కూడా, లాలాపేట్‌లో దర్జీలే దొరకలేదా అక్కా అని."

కామాక్షి కాగితం పొట్లం విప్పింది. మామిడి చిగురు రంగు నూలుబట్ట, దాని మీద కొలత కోసం ఒక పాత రవిక. రాములమ్మ పాత రవికను అందుకుని, అలవాటుగా తిరగవేసి, కింది హుక్కు వెనక వేలు పెట్టి చూసింది.

ఎర్రదారపు ముడి తగిలింది.

బట్ట ఏ రంగుదైనా కింది హుక్కు వెనక ఎర్రదారంతో ఒక చిన్న ముడి వేసేది ఆమె. దిష్టి తగలకూడదని. ఆ ముడి గిరాకీల రవికలకు వేయదు. ఒక్క మనిషి రవికలకే వేసింది.

"ఎవరికో చెప్పనే లేదు చూశారా. ఆ అక్క పేరు..."

"చెప్పకు." రాములమ్మ మాట కత్తెరలా పడింది. వెంటనే మెత్తబడింది. "ఈ ఇంట్ల కొన్ని పేర్లు పలుకం బిడ్డా. కొలత ఉన్నది గద, సాలు. ఏమన్న చెప్పి పంపిందా?"

కామాక్షి తికమకపడింది. "కొంచెం వదులుగా కుట్టమన్నారు. అంతే."

వదులు సంగతి రాములమ్మ వేళ్ళకు అప్పటికే తెలిసిపోయింది. పక్క కుట్ల లోపల తాను మిగిల్చి ఉంచిన బట్టనంతా విప్పేసి వాడుకున్నారు. ఇక దారమంత జాగా కూడా లేదు. ముందు భాగంలో, ఎంత ఉతికినా పోని పాలచార, నాణెమంత, లేత పసుపు రంగులో ఉంది.

రాములమ్మ ఆ మరకను బొటనవేలితో మూసింది. మూసి, కిటికీలోంచి దూరంగా కనబడే మౌలాలి గుట్టకేసి చూసింది. తాను అమ్మమ్మనైన సంగతి తనకు ఒక పాత రవిక చెప్పింది.

"పాట మంచిగ పాడుతున్నవు," అంది.

"అయ్యో, వినబడిందాండీ! అది ఆ అక్క దగ్గరే పట్టుకున్నా. పిల్లాడిని ఊపుతూ ఎప్పుడూ అదే. మధ్యలో మూడుసార్లు ఎందుకంటారక్కా అంటే, మా ఇంట్లో పాట అంతే అంటుంది."

*

సాయంత్రం రాములమ్మ భర్త వెంకటేశం ఇంటికి వచ్చేసరికి ఆ పొట్లం కుట్టవలసిన బట్టల అడుగున చేరింది.

వెంకటేశం క్యాంపసులో మగపిల్లల హాస్టలుకు కామన్‌రూము నౌకరు. అక్కడి రేడియోగ్రాము తుడవడం, రికార్డులు సర్దడం, క్యారమ్ బోర్డుకు పౌడరు చల్లడం అతని పని. గీతలు పడ్డవని పిల్లలు పక్కన పడేసిన రికార్డులను వార్డెను అనుమతితో ఇంటికి తెచ్చేవాడు. రాములమ్మ వాటికి సంచులు కుట్టేది. ఇంట్లో ఏ బట్ట కత్తిరించినా మిగిలిన ముక్క ఒక రికార్డుకు సంచి అయ్యేది. చదువు రాని రాములమ్మ రికార్డుల మీద అచ్చును చూసేది కాదు. బట్టను చూసేది. నీలం చారలది వెంకటేశం పండుగ చొక్కా పాట. ఆకుపచ్చ అంచుది తన పెళ్ళిచీర పాట. పసుపు మీద తెల్లపూలది బిడ్డ చిన్ననాటి లంగా పాట. ఆ సంచిలోనే గీత పడిన రికార్డు ఉంది.

గూట్లో అవి అలాగే నిలబడి ఉన్నాయి. ప్లేయరు మీద మందపాటి గుడ్డ. బిడ్డ గడప దాటిన నాటి నుంచి ఆ గుడ్డ తీయలేదు. ప్లేయరు బాగుచేయడానికి మౌలాలి నుంచి వస్తూ పోతూ ఉండే రేడియో మెకానిక్ ఇన్నయ్యతో ఆమె వెళ్ళిపోయింది. చర్చిలో దండలు మార్చుకున్నారని మూడో మనిషి వచ్చి చెప్పాడు. వెంకటేశం అన్నం ముందునుంచి లేచి, "ఆ పేరు ఈ ఇంట్ల వినవడొద్దు" అన్నాడు. అంతే అన్నాడు. అంతటితో పాట, పేరు రెండూ పోయాయి.

అన్నం తిన్నాక వెంకటేశం పెన్సిలు, కత్తిరించిన కాగితపు ముక్కలు పట్టుకుని మిషను పక్కన పీట వేసుకున్నాడు. ప్రతి సాయంత్రం ఉన్నదే. పూర్తయిన రవిక ఒక్కొక్కటి ఆమె ఎత్తి చూపుతుంది. అతను అడుగుతాడు. ఆమె చెబుతుంది. అతను రాసి, పైకి చదువుతాడు. రాసింది సరిగా ఉందో లేదో ఆమెకు తెలిసే దారి అదొక్కటే. ఆమె తల ఊపాకనే చీటీకి గుండుసూది పడుతుంది.

"ఎవరిది?"

"ఊదారంగుది లింగమ్మ కోడలిది. సుజాత."

రాశాడు. "సుజాత." ఆమె తల ఊపింది.

"ఇది?"

"హాస్టల్ పిల్లది. కమలాదేవి."

"కమలాదేవి. పొయిన పారి బిగువైందని వాపసు తెచ్చింది గీమెనే గద?"

"బిగువైంది రైక కాదు. సెలవులకు ఊరికి పొయ్యి పూతరేకులు తిని వచ్చింది."

వెంకటేశం మీసాల్లో నవ్వుకున్నాడు. అడుగున ఉన్న పొట్లం అతని కంటబడింది. "మరి గది?"

రాములమ్మ దారపు ఉండను వెతుకుతున్నట్టు వంగింది. "గది ఇంక కొయ్యనే లేదు. అయినంక చెప్త."

*

మరునాడు ఆమె బట్ట పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఇన్నేళ్ళలో బట్ట మీద చేయి తడబడలేదు. ఆనాడు తడబడింది. పాత కొలత మీద ఎంత వదలాలి? చంక కింద రెండు వేళ్ళా, మూడా? ముట్టుకుని చూస్తే తెలిసే సంగతి. పాలిచ్చే ఒంటిని తల్లి ముట్టుకోకుండా, పాత రవికను అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

ఎదురింటి లింగమ్మ సన్నజాజుల మాల అల్లుకుంటూ వచ్చి గడప మీద కూలబడింది.

"ఏందే రాములమ్మా, పొద్దుగాల్నించి నీ మిషిని సప్పుడే లేదు. మిషినికి జరమొచ్చిందా?"

"కొలత చూస్తున్న వదినా."

"గంత చూసేదేమున్నది? కండ్లతోనే కొలుస్తవని పేరు నీకు. ఎవరిదేంది?"

"పైసలిచ్చేటోల్లది."

"అబ్బో! గిట్ల దాచినవంటే మా అన్నకు దొరకకుండ నువ్వే ఒకటి కుట్టుకుంటున్నట్టే. చిగురు రంగు! ఈ ఈడుల!" లింగమ్మ నవ్వి, పాత రవికకేసి చూసి, నవ్వు ఆపుకుంది. ఆ రవిక తొడుక్కుని తిరిగిన మనిషిని ఆమె కూడా ఎరుగును. మాలలో ఒక పువ్వు ఎక్కువే చేర్చి, ముడి వేసింది. లేచి వెళ్తూ, "మూడు వేళ్ళు వదులు," అంది. "నా బిడ్డకు ఆ టైముల మూడు వదిలిన."

రాములమ్మ మూడు వేళ్ళు వదిలి, కత్తెర వేసింది.

*

ఆ మరునాడు కమలాదేవి రవికను ఇవ్వడానికి రాములమ్మ తానే ఆడపిల్లల హాస్టలుకు బయలుదేరింది. ఎప్పుడూ ఆ పిల్లలే వచ్చి తీసుకుపోతారు. ఎండ కాసింది, కాసేపు బయటికి రావాలనిపించింది అని వెంకటేశంతో చెప్పవచ్చు అనుకుంది. కానీ అడిగేవాళ్ళు ఇంట్లో లేరు. క్యాంపసు దారిలో తడిసిన తంగేడు పూలు మట్టికి అంటుకుపోయి ఉన్నాయి. ఆర్ట్స్ కాలేజీ రాతిమెట్ల మీద పిల్లలు గొడుగులు తెరిచి ఆరబెట్టి, వాటి నీడలో చదువుకుంటున్నారు.

హాస్టలు వరండాలో కామాక్షి ఎదురొచ్చింది. ఆ పిల్ల ముఖంలో ఇప్పుడు తికమక లేదు. ఏదో తెలుసుకున్న బెరుకు ఉంది.

"నిన్న లాలాపేట్ వెళ్ళానండీ. పేరు చెప్పొద్దన్నారని చెప్పాను. ఆ అక్క ఏడ్చింది. తరువాత రవికతో పాటు చీటీ కూడా పెట్టమంది. మీ దగ్గర కుట్టినవాటన్నిటికీ పేరు రాసిన చీటీ ఉంటుందట కదా. తనదానికీ ఉండాలంది. రవిక లేకపోయినా పరవాలేదు, చీటీ వస్తే చాలంది."

చీటీ రాసేది ఎవరో బిడ్డకు తెలుసు. ఆ చేతిరాత కోసం తల్లి చేతిపనిని అడ్డం పెట్టుకుంది.

"నేను రాసిస్తానండీ," అంది కామాక్షి ఆదుర్దాగా. "ఇప్పుడే. తనకు తెలియదు కదా."

"తెలుస్తది బిడ్డా. నీ రాత ముత్యాల్లెక్క ఉంటది. ఆయనది కోడి గెలికినట్టుంటది. దానికి గదే కావాలె."

"పోనీ మీరే నాతో రండి. బస్సులో ఎంతసేపు! పిల్లాడిని చూద్దురు గాని."

రాములమ్మ పెదవులు కదిలాయి. బాబు ఎవరి పోలికో అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. "దొంగతనంగ పోతే నా బిడ్డను నేనే దొంగను చేసినట్టు. ఆయన నోట రావాలె. అప్పుడు పోత."

తిరుగుదారిలో ఆమె కాళ్ళు మగపిల్లల హాస్టలు వైపు మళ్ళాయి. కామన్‌రూము కిటికీ తెరిచి ఉంది. లోపలి నుంచి పాట వస్తోంది. అదే పాట. ఎవరో కొత్త రికార్డు తెచ్చినట్టున్నారు, గీత లేనిది, అద్దంలా మెరిసేది. నలుగురు పిల్లలు క్యారమ్స్ ఆడుతున్నారు. వెంకటేశం రేడియోగ్రాము పక్కన నిలబడి, ఆమె కుట్టిచ్చిన తుడుపుగుడ్డ చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఆమెను చూడలేదు.

పాట ఆ చోటికి వచ్చింది.

"మొగ్గ విచ్చే వేళకైనా వచ్చిపో..."

వెంకటేశం కుడిచేయి లేచింది. చూపుడువేలి గోరు గాలిలో, ముల్లుకు జానెడు దూరంలో, తట్టడానికి సిద్ధమై ఆగింది. పాట మాత్రం ఆగలేదు. నున్నగా, ఎక్కడా తగలకుండా, ముందుకు సాగిపోయింది. ఆ వేలు మాత్రం అక్కడే, గాలిలోనే, కొంతసేపు అలాగే ఉండిపోయింది. తరువాత అతను చేయి దించి, ఆ వేలిని గుడ్డతో తుడుచుకున్నాడు. ఏదో అంటుకున్నట్టు, గట్టిగా తుడుచుకున్నాడు.

"వెంకటేశం, అటు తిప్పు, ఇంకో పాట!" అని క్యారమ్స్ దగ్గర నుంచి ఎవరో కేకేశారు.

"తిప్తున్న సార్," అన్నాడతను. కానీ తిప్పలేదు.

రాములమ్మ కిటికీ దగ్గర నుంచి తప్పుకుని, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నడిచింది. బిడ్డ వెళ్ళిన నాటి నుంచి ఈ మనిషిని రాయి అనుకుంది. ఆ రాయికి భయపడుతూ, రాయి కింద నలిగిన పేరును పంటి వెనక దాచుకుంటూ బతికింది.

*

పసిబిడ్డ ఒంటికి కొత్తబట్ట వేయరు. మెత్తబడిన పాతబట్ట వేస్తారు, అదీ తల్లి కట్టిందైతే మరీ మంచిది. మరునాటి ఉదయం రాములమ్మ గూటి ముందు నిలబడి, పసుపు మీద తెల్లపూల సంచిని తీసింది. రికార్డును బయటికి లాగింది. నల్లగా, తేలిగ్గా, కొంచెం వంగింది చేతిలో. దాన్ని మళ్ళీ గూట్లోనే నిలబెట్టింది. రంగురంగుల సంచుల వరుసలో అది ఒక్కటే ఒంటి మీద బట్ట లేకుండా నిలిచింది. దాచాలనుకోలేదు. గూటి మీద తెర దించాలని ఒక్కసారి చేయి పోయింది గాని, ఆ చేతిని తానే వెనక్కు లాక్కుంది.

సూదిమొనతో సంచి కుట్టును ఒక్కొక్క పోగూ విప్పింది. విప్పిన బట్టను ఉతికి, గంజి పెట్టకుండా, నీడలో ఆరేసింది. అది ఒకప్పటి లంగా. పరుగెత్తితే గొడుగులా విచ్చుకునేది. గుండ్రంగా తిరిగి తిరిగి, కళ్ళు తిరిగి, తన ఒళ్ళో వచ్చి పడిన లంగా అది. బట్ట ఆరేదాకా రాములమ్మ దాని పక్కనే కూర్చుంది, తీగె మీద అది కొద్దిగా గాలికి ఊగుతుంటే చూస్తూ.

కత్తెర వేసినప్పుడు చేయి తడబడలేదు. అరచేయంత చేతులు, ముందు ముడికి రెండు నాడాలు. లోపలి కుట్లు పసి ఒంటికి ఒరుసుకోకుండా పైవైపు తిప్పింది. మెడ దగ్గర మూల తిప్పేటప్పుడు ఆమె పాదాలు తమంతట తామే ఆగాయి. లోలోపల మూడుసార్లు అనుకుని, మళ్ళీ తొక్కింది. చివరకు చిగురు రంగు రవిక కింది హుక్కు వెనకా, చిన్న చొక్కా చేతి అంచు లోపలా, ఎర్రదారంతో ముడి వేసి, దారాన్ని పళ్ళతో తెంపింది.

*

ఆ సాయంత్రం వెంకటేశం వచ్చి, చొక్కా విప్పి మేకుకు తగిలించి, గూటి ముందు ఆగిపోయాడు.

మిషను దగ్గర కూర్చున్న రాములమ్మకు అతని వీపు కనబడుతోంది. వీపు కదలలేదు. ఆమె ఏ మాట వచ్చినా వినడానికి సిద్ధపడింది. రికార్డు నేలకేసి కొట్టినా తలెత్తి చూస్తాను అనుకుంది. వంటింట్లో బియ్యం ఉడికే చప్పుడు. మౌలాలి వైపు రైలు కూత.

వెంకటేశం ప్లేయరు మీది గుడ్డను తీశాడు. మడత పెట్టాడు. మడత సరిగా రాలేదని విప్పి మళ్ళీ పెట్టాడు. రికార్డును అంచులు పట్టుకుని ఎత్తి, చొక్కా కొసతో తుడవబోయి, ఒంటి మీద చొక్కా లేదని గుర్తొచ్చి, పంచె కొంగుతో తుడిచాడు. వైరు గుచ్చాడు. ముల్లు దించాడు.

ముందు బరబర. ఆ తరువాత పాట.

ఇల్లు ఊపిరి తీసుకున్నట్టయింది. రాములమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. పాట మెల్లగా, తనకు తెలిసిన దారిలో నడిచి, ఆ చోటికి చేరింది.

"...వచ్చిపో... వచ్చిపో... వచ్చిపో..."

అక్కడ తట్టాలి. వెంకటేశం గోరు ముల్లు మీదికి వంగింది. వంగి, ఆగింది. తట్టలేదు. పాటను అక్కడే వదిలేసి, పెన్సిలు, కాగితం ముక్కలు పట్టుకుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. వెనక ప్లేయరు మీద ఆ గొంతు అదే మాట అంటూనే ఉంది.

రాములమ్మ చిగురు రంగు రవికను అతని ముందు పెట్టింది. దాని మీద చిన్న చొక్కాను పరిచింది. పసుపు మీద తెల్లపూలు.

వెంకటేశం చూశాడు. చొక్కా చేతిలోకి ఒక వేలు దూర్చి చూశాడు. వేలు మాత్రమే పట్టింది. ఎర్రముడి తగిలి, ఆ వేలు అక్కడే ఉండిపోయింది.

"మొగపిల్లగాడా?"

"ఊ."

అలవాటు మాట బయటికొచ్చింది. "ఎవరిది?"

రాములమ్మ ఒక గుండుసూది తీసుకుంది.

"చెప్పు. రాయాలె గద."

"ఎవరిదో నీకు ఎరికే."

అతను తల వంచుకుని, కాగితం ముక్కను మోకాలి మీద పెట్టుకుని రాశాడు. పెన్సిలు మొన ఒకచోట విరిగింది. గోటితో చెక్కి, మిగిలింది రాశాడు. చీటీని ఆమెకేసి జరిపి, లేవబోయాడు.

"కూసో," అంది రాములమ్మ.

ఆ మాట అంత గట్టిగా వచ్చినందుకు ఆమే ఉలిక్కిపడింది. అయినా వెనక్కు తీసుకోలేదు. చీటీని ఎత్తి, వెలుతురుకు పెట్టి, కోడి గెలికినట్టున్న ఆ గీతలను చూసింది. "నాకు చదువు రాదు. నువ్వు ఏం రాసినవో నాకేం తెలుసు? అందరివి చదివినవు. లింగమ్మ కోడలిది చదివినవు. ఊరు పేరు తెల్వని హాస్టల్ పిల్లలవి చదివినవు. చదువకుంటే నేను సూది గుచ్చ."

"రాముల..."

"వినవడొద్దన్నది నువ్వు. నేను గాదు. నువ్వు మూసిన నోరు నువ్వే తెరువాలె."

వెంకటేశం చేయి చాచాడు. ఆమె చీటీ ఇచ్చింది. వెనక ముల్లు తిరుగుతూనే ఉంది, అదే చోట, అదే మాట మీద, ఎవరైనా వచ్చి తట్టేదాకా. రాములమ్మ గుండుసూదిని వేళ్ళ మధ్య పట్టుకుని ఎదురుచూసింది.

అతను చీటీకేసి చూడలేదు. తెరిచి ఉన్న వాకిలికేసి, సందు మలుపుకేసి చూస్తూ, పొద్దుగూకినా ఆటల నుంచి ఇంటికి రాని పిల్లను పిలిచినట్టు, అవతలి గోడదాకా వినబడేలా అన్నాడు.

"సమ్మక్కా!"